పాత రాక్ బ్యాండ్ కాన్సర్ట్ టికెట్ సరైన రేటుకి కొనడం ఎలా?

"అన్నా, ఇప్పుడే కొనేయాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా?" ఏ పాత బ్యాండ్ టూర్ ప్రకటించినా నాకొచ్చే మెసేజ్ ఇదే. లండన్‌లో మాస్టర్స్ చేస్తున్న పిల్లలు అడుగుతారు, డాలస్‌లో స్థిరపడ్డ యాభై ఏళ్లవాళ్లు అడుగుతారు, హైదరాబాద్ నుంచి ముంబై రైలెక్కడానికి రెడీగా ఉన్నవాళ్లు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసి చేసి వేళ్లు నొప్పెట్టాయి. అందుకే అంతా ఒకచోట పెడుతున్నాను.

ఒక్క ముక్క ముందే చెప్తాను. మనకి సినిమా టికెట్ అలవాటు. అక్కడ రేటు పెంచాలంటే నిర్మాత వెళ్లి ప్రభుత్వం దగ్గర జీవో తెచ్చుకోవాలి, అది మర్నాడు పేపర్లో వస్తుంది. రాక్ కాన్సర్ట్‌కి జీవో లేదు. దీన్ని సంక్రాంతికి ఊరెళ్లే ప్రైవేటు బస్సు టికెట్‌లా చూడండి. అదే బస్సు, అదే సీటు. మీరు ఏ రోజు కొన్నారు, మీతోపాటు ఎంతమంది ఎగబడ్డారు అన్నదాన్ని బట్టి రేటు. సిద్ధాంతం ఇంతే, ఇక పనిలోకి వెళ్దాం.

కావలసినవి

- టికెట్ అమ్మే సైట్‌లో మీ పేరుతో ఒకే ఒక అకౌంట్, ఫోన్ నంబర్ వెరిఫై అయినది
- రెండు కార్డులు (ఎందుకో నాలుగో మెట్టులో చెప్తాను)
- ఆ స్టేడియం సీటింగ్ మ్యాప్
- మీకు కుదిరే రెండు తేదీలు, వీలైతే రెండు ఊళ్లు
- ఒక కాగితం, పెన్ను. నవ్వకండి, ఈ జాబితాలో అన్నింటికన్నా ముఖ్యమైనవి ఇవే.

1. పై హద్దు కాగితం మీద రాయండి

సేల్ మొదలయ్యాక కాదు, ముందురోజు రాత్రి రాయండి. "తలకి ఇంత, అన్నీ కలిపి" అని ఒకే అంకె. అన్నీ అంటే టికెట్, బుకింగ్ ఫీజు, పన్ను, రానుపోను ఖర్చు, రాత్రి గది. ఊరు మారి వెళ్లేవాళ్లకి తరచూ టికెట్ కంటే గదే బరువవుతుంది. స్టేడియంలో షో ఉన్న రాత్రి చుట్టుపక్కల హోటళ్ల రేట్లు కూడా సంక్రాంతి బస్సుల్లాగే లేస్తాయి.

ఫీజుల్ని తేలిగ్గా తీసుకోకండి. 2023లో ద క్యూర్ బ్యాండ్ అమెరికా టూర్‌కి 20 డాలర్ల టికెట్లు కూడా పెట్టింది, డిమాండ్‌ని బట్టి రేట్లు పెంచవద్దని గట్టిగా చెప్పింది. తీరా అభిమానులు కొనబోతే ఆ 20 డాలర్ల టికెట్ మీద ఫీజులే 20 డాలర్లు దాటాయి. గాయకుడు రాబర్ట్ స్మిత్ బహిరంగంగా మండిపడ్డాక, టికెట్లు అమ్మిన టికెట్‌మాస్టర్ సంస్థ కొందరికి టికెట్‌కి 10 డాలర్లు, మిగిలినవారికి 5 డాలర్లు వెనక్కిచ్చింది. అమెరికాలో 2025 మే 12 నుంచి కాన్సర్ట్ టికెట్లకి ఫీజులు కలిపిన మొత్తం రేటే మొదట చూపించాలన్న నిబంధన వచ్చింది కాబట్టి అక్కడ ఇప్పుడు కాస్త నయం. మిగతా చోట్ల మాత్రం చెల్లింపు పేజీలో కనిపించే అంకెనే రేటు అనుకోండి.

2. డిమాండ్ నిజమైనదా, హడావుడా తేల్చుకోండి

ఆగాలా, కొనాలా అన్నదానికి జవాబు ఈ మెట్టులోనే ఉంది కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

మొదటి ప్రశ్న: వీళ్లు ఏటా తిరిగేవాళ్లా, ఏళ్ల తర్వాత కలిసినవాళ్లా? బ్రిటిష్ బ్యాండ్ ఒయాసిస్ 2009లో విడిపోయింది. నోయల్, లియామ్ గాలగర్ అన్నదమ్ములు మళ్లీ ఒకే స్టేజీ ఎక్కుతున్నామని 2024 ఆగస్టులో చెప్పేసరికి బ్రిటన్ మొత్తం ఊగిపోయింది. అలాంటిదాంట్లో "ఆగితే తగ్గుతుందేమో" అన్న ఆశ దండగ. అదే రెండేళ్లకోసారి మీ ఊరికి వచ్చే బ్యాండ్ అయితే తొలిరోజు పరుగు అనవసరం.

రెండోది: "ఇదే చివరి టూర్" అంటున్నారా? దీన్ని పూర్తిగా నమ్మేయకండి. కిస్ బ్యాండ్ 2000లోనే వీడ్కోలు టూర్ చేసింది. ఆ తర్వాత 2019లో మరో వీడ్కోలు మొదలుపెట్టి 2023 డిసెంబరులో న్యూయార్క్‌లో ముగించింది. మొదటి వీడ్కోలుకి అప్పు చేసి వెళ్లినవాళ్ల మొహం ఊహించుకోండి. కానీ ఎప్పుడూ ఇలాగే అనుకోకండి. బ్లాక్ సాబత్ 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో ఆఖరి షో చేసింది, జులై 22న దాని గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ పోయాడు. గాయకుడి వయసు, ఆరోగ్యం చూసి మీరే తూకం వేసుకోండి. ఈ ఒక్క విషయంలో నేను లెక్క పక్కనపెట్టి కొనేయమంటాను.

మూడోది, మనవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది: స్టేజీ మీద ఎవరుంటారు? గన్స్ ఎన్ రోజెస్ 2012 డిసెంబరులో ఇండియాకి వచ్చింది. అప్పుడు గాయకుడు ఆక్సల్ రోజ్ ఉన్నాడు గానీ గిటారిస్టు స్లాష్ లేడు. 2025 మే 17న ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్స్‌లో ఆక్సల్, స్లాష్, బేస్ గిటార్ వాయించే డఫ్ మెక్‌కేగన్ ముగ్గురూ ఉన్నారు. పోస్టర్ మీద పేరు ఒకటే, కానీ ఆ రెండు టికెట్లకీ ఒకే విలువ ఎలా ఉంటుంది? పాత బ్యాండ్‌లలో కొన్నిట్లో అసలు సభ్యుడు ఒక్కడే మిగిలి ఉంటాడు. కొనేముందు లైనప్ చదవండి.

నాలుగోది: సీట్లెన్ని? ఇండోర్ అరీనా అంటే సుమారు పదిహేను, ఇరవై వేలు. లండన్‌లోని వెంబ్లీలాంటి స్టేడియం అంటే 90 వేలు. ఒకే ఊళ్లో నాలుగైదు రాత్రులు ఉంటే వారం మధ్యలో వచ్చే షోకి ఒత్తిడి తక్కువ. శనివారం మీద పడకుండా మంగళ, బుధవారాలు చూడండి.

నా మొరటు లెక్క ఇది: కొన్నేళ్ల తర్వాత కలిశారు, అసలు సభ్యులున్నారు, షోలు తక్కువ. ఈ మూడూ ఉంటే మొదటిరోజే కొనండి. ఒకటే ఉంటే ఆగండి. రెండు ఉంటే వెనక సీట్లకి ఆగొచ్చు, ముందు సీట్లకి ఆగొద్దు. ఎందుకంటే పాత బ్యాండ్‌కి వచ్చే జనంలో యాభై దాటి, చేతిలో డబ్బున్నవాళ్లు ఎక్కువ. వాళ్లు ముందు వరసలు ఊడ్చేస్తారు. ఖాళీ మిగిలేది పై అంతస్తుల్లోనే.

3. ముందస్తు అమ్మకానికి పేరు నమోదు చేయండి

అసలు సేల్‌కి ఒకటి రెండు రోజుల ముందు ప్రీసేల్ ఉంటుంది. బ్యాండ్ మెయిలింగ్ లిస్టు, ఫ్యాన్ క్లబ్, ఫలానా బ్యాంకు కార్డు, ఫలానా మొబైల్ నెట్‌వర్క్, ఇలా రకరకాల దారుల్లో. ఒయాసిస్ ప్రీసేల్ నమోదులో బ్యాండ్ తొలి డ్రమ్మర్ ఎవరని ఒక ప్రశ్న పెట్టారు (టోనీ మెక్‌కారల్). పెర్ల్ జామ్ ఫ్యాన్ క్లబ్‌లో అయితే సభ్యత్వం ఎంత పాతదైతే అంత మంచి సీటు. ఇండియాలో ప్రీసేల్ ఎక్కువగా ఏదో ఒక బ్యాంకు కార్డుకి కట్టి ఉంటుంది. మీ దగ్గర లేకపోతే చుట్టాల్లో ఎవరికుందో కనుక్కోండి.

హెచ్చరిక: ప్రీసేల్ కోడ్ అమ్ముతామని టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో వచ్చేవి ముట్టుకోకండి.

4. ముందురోజు కార్డు పరీక్షించండి

ఇది చిన్న మెట్టే గానీ నా చేయి కాలింది ఇక్కడే. ఒక విదేశీ సైట్‌లో గంటన్నర క్యూలో నిలబడి, మంచి సీట్లు రెండు దొరికించుకుని, చెల్లించబోతే నా కార్డుకి అంతర్జాతీయ లావాదేవీలు ఆఫ్‌లో ఉన్నాయి. యాప్‌లో ఆన్ చేసి ఓటీపీ కోసం చూస్తుంటే, ఆ సిమ్ రీచార్జ్ అయిపోయి నెల అయిందని గుర్తొచ్చింది. గడియారం సున్నాకి వచ్చింది, సీట్లు పోయాయి.

కాబట్టి: అంతర్జాతీయ లావాదేవీలు ఆన్, రోజువారీ పరిమితి చాలినంత, ఓటీపీ వచ్చే సిమ్ బతికే ఉందా, కార్డు వివరాలు అకౌంట్‌లో ముందే సేవ్ అయ్యాయా చూడండి. అదే సైట్‌లో ఏదో ఒక చిన్న కొనుగోలు చేసి చూడగలిగితే ఇంకా మంచిది. రెండో కార్డు వేరే బ్యాంకుదై ఉండాలి.

5. క్యూలో ఎలా నిలబడాలి

టికెట్‌మాస్టర్ లాంటి చోట సేల్ టైముకి ముందు వెయిటింగ్ రూమ్ తెరుస్తారు. అందులో ఉన్నవాళ్లకి సేల్ మొదలవగానే లాటరీ పద్ధతిలో క్యూ నంబరు వస్తుంది. అంటే తెల్లవారుజామున నాలుగింటికి లేచినా, పావుగంట ముందు వచ్చినా ఒకటే. కానీ ఒక్క నిమిషం ఆలస్యంగా వస్తే తోకలోకి వెళ్తారు. తిరుపతి క్యూ కాంప్లెక్స్ అనుభవం ఇక్కడ పనికిరాదు, కునుకు తీసి రండి.

చేయకూడనివి: పేజీ రిఫ్రెష్ చేయకండి. ఒకే అకౌంట్‌ని పది ట్యాబ్‌లలో తెరవకండి. వీపీఎన్ (మీరు ఏ చోట ఉన్నారో దాచే యాప్) ఆఫ్ చేయండి. ఒయాసిస్ సేల్‌లో గంటల తరబడి క్యూలో ఉన్న మామూలు అభిమానుల్ని కూడా రోబోలు అనుకుని సిస్టమ్ బయటికి నెట్టేసిన సంగతులు వచ్చాయి. ఇంట్లో నలుగురుంటే నలుగురూ వేర్వేరు అకౌంట్లతో, వేర్వేరు ఫోన్లలో నిలబడండి. దొరికినవాళ్లు వెంటనే మిగతా ముగ్గురికీ చెప్పాలి, లేకపోతే ఎనిమిది టికెట్లు అయి కూర్చుంటాయి.

2024 సెప్టెంబరు 22న కోల్డ్‌ప్లే బ్యాండ్ ముంబై షో టికెట్లకి బుక్‌మైషోలో 1.3 కోట్ల మంది లాగిన్ అయ్యారని ఆ సంస్థే చెప్పింది. సైట్ కూలబడి లేచింది. అలాంటి రోజు మీ క్యూ నంబరు లక్షల్లో ఉంటే టెన్షన్ పడుతూ భోజనం మానేయకండి. ఏడో మెట్టుకి వెళ్లండి.

6. రేటు పక్కన ఉన్న మాట చదవండి

మీ వంతు వచ్చింది. తెర మీద గడియారం పరిగెడుతోంది. సరిగ్గా ఇక్కడే జనం మునిగేది.

2024 ఆగస్టు 31న ఒయాసిస్ సేల్‌లో సుమారు 150 పౌండ్లని విని క్యూ కట్టినవాళ్లకి, తమ వంతు వచ్చేసరికి అదే స్టాండింగ్ (నిలబడి చూసే) టికెట్ 355 పౌండ్లకి కనిపించింది. పక్కన "ఇన్ డిమాండ్" అని ఒక ముద్ర. గంటల తరబడి నిలబడి ఉట్టిచేతులతో పోలేక చాలామంది కొనేశారు. కంప్యూటర్ నిమిషానికోసారి రేటు మార్చిందని అందరూ తిట్టుకున్నారు. బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ విచారిస్తే తేలింది వేరు: రేట్లు మార్చే ఆల్గారిథమ్ ఉన్నట్టు ఆధారం దొరకలేదు. స్టాండింగ్‌లో రెండు రేట్లు ముందే పెట్టి, చవకవి అయిపోయాక ఖరీదైనవి వదిలారు, ఆ సంగతి జనానికి చెప్పలేదు. "ప్లాటినం" అని అమ్మిన కొన్ని సీట్లు మామూలు సీటుకి దాదాపు రెండున్నర రెట్లు. అదే వరుస, అదే స్టాండు, అదనంగా ఇచ్చింది ఏమీ లేదు. 2025 సెప్టెంబరులో టికెట్‌మాస్టర్, ఇలా రెండు మూడు రేట్లు పెడితే 24 గంటల ముందే చెప్తానని ఆ నియంత్రణ సంస్థకి హామీ ఇచ్చింది.

కాబట్టి మాటల అర్థం తెలుసుకోండి:

- స్టాండర్డ్: అసలు రేటు. మీకు కావలసింది ఇదే.
- ప్లాటినం, ఇన్ డిమాండ్: మామూలు సీటే, గిరాకీ చూసి ఎక్కువ రేటు పెట్టారు. పేరు చూసి సోఫా, భోజనం ఉంటాయనుకోకండి.
- వీఐపీ ప్యాకేజీ: సీటుతో పాటు టీషర్టు, ముందే లోపలికి పంపడం, లాంజ్ లాంటివి. బ్యాండ్‌ని కలవడం ఉందో లేదో అక్షరం అక్షరం చదవండి, చాలావాటిలో ఉండదు.
- రీసేల్: ఇంకొకరు తిరిగి అమ్ముతున్నది. అదే మ్యాప్‌లో కలిపి చూపిస్తారు. ఫిల్టర్‌లో రీసేల్ ఆఫ్ చేస్తే అసలు టికెట్లు మిగిలాయో లేదో తెలుస్తుంది.

ఇప్పుడు ఆ కాగితం తీయండి. తెర మీద అంకె మీ హద్దు దాటితే వదిలేయండి. "ఇంతసేపు నిలబడ్డాం కదా" అన్నది కొనడానికి కారణం కాదు, మీరు నిలబడినందుకు వాళ్లు సీటు దగ్గరికి జరపరు.

ఒక్క పెద్ద అంకె చూసి మొత్తం షో మీద ఆశ వదులుకోవడమూ తప్పే. 2022లో అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, ఆయన "ఇ స్ట్రీట్" బ్యాండ్ టూర్‌కి కొన్ని సీట్లు 4, 5 వేల డాలర్లకి కనిపించి గొడవైంది. తర్వాత టికెట్‌మాస్టర్ చెప్పిన లెక్కలో వెయ్యి డాలర్లు దాటి అమ్ముడైనవి 1.3 శాతం, ఫీజులు కాక 200 డాలర్ల లోపు అమ్మినవి 56 శాతం. అమ్మేవాళ్ల లెక్క కాబట్టి కాస్త తగ్గించుకుని వినండి. అయినా వార్తల్లో వచ్చే రేటు ఎప్పుడూ ముందు వరుసదే.

7. దొరకలేదా? ఇలా వేచి చూడండి

నిజంగా చేతనైతే ఆటంతా ఇక్కడే ఉంది.

కొత్త తేదీలు వస్తాయి. ముంబై కోల్డ్‌ప్లేకి మొదట ప్రకటించినవి 2025 జనవరి 18, 19. సేల్ రోజే 21 కలిపారు. తర్వాత అహ్మదాబాద్‌లో 25, ఆపైన 26 వచ్చాయి. అది లక్షమందికి పైగా పట్టే స్టేడియం. సెప్టెంబరులో బ్లాక్‌లో కొన్నవాళ్లు నవంబరులో తలపట్టుకున్నారు. జనవరి 26 షో హాట్‌స్టార్‌లో లైవ్ కూడా ఇచ్చారు.

రద్దయిన టికెట్లు తిరిగొస్తాయి. ఒయాసిస్ టూర్ నిర్వాహకులు అనధికార సైట్లలో పెట్టిన 50 వేలకి పైగా టికెట్లు రద్దు చేసి మళ్లీ అసలు రేటుకి అమ్ముతామన్నారు. తొలిసారి దొరకనివాళ్లకే వెంబ్లీలో అదనపు షోలకి లాటరీ పెట్టారు. అందుకే టికెట్ దొరక్కపోయినా నమోదు చేసుకున్న అకౌంట్, ఈమెయిల్ పోగొట్టుకోకండి.

స్టేజీ, స్పీకర్లు, కెమెరాల కోసం ఆపి ఉంచిన సీట్లు షోకి కొద్దిరోజుల ముందు వదులుతారు. స్టేజీ కట్టాకగానీ ఏ సీటుకి చూపు అడ్డం వస్తుందో తెలియదు కదా. చివరి వారంలో, ముఖ్యంగా చివరి మూడు రోజుల్లో, పొద్దున, సాయంత్రం అధికారిక సైట్ తెరిచి చూడండి. కొన్నిసార్లు బ్యాండే చవక టికెట్లు ఆలస్యంగా వదులుతుంది. కోల్డ్‌ప్లే "ఇన్ఫినిటీ" టికెట్లు ఇండియాలో 2,000 రూపాయలకే ఇచ్చింది, జంటగానే కొనాలి, సీటు ఎక్కడో ముందు చెప్పరు.

రేటు తగ్గుతోందో లేదో ఎలా తెలుస్తుంది? ఒకే సెక్షన్ ఎంచుకోండి. వారానికి మూడుసార్లు ఫీజులతో కలిపి అందులో అతి తక్కువ రేటు, ఎన్ని టికెట్లు అమ్మకానికి ఉన్నాయో కాగితం మీద రాయండి. టికెట్ల సంఖ్య పెరుగుతూ రేటు నిలబడితే, అమ్మేవాళ్లు ఇంకా ఆశతో ఉన్నారని. వారం ముందు వాళ్లకే భయం పట్టుకుంటుంది. సంఖ్య తగ్గుతూ రేటు పెరిగితే ఇక ఆగకండి.

విమానం, గది ముందే కొనాల్సినవాళ్లకి ఈ మెట్టు పనికిరాదు. పక్క ఊళ్లో ఉన్నవాళ్ల ఆట ఇది.

8. రీసేల్‌లో కొంటే

ముందు అధికారిక మార్పిడి చూడండి. బ్రిటన్‌లో టికెట్‌మాస్టర్ రీసేల్, ట్వికెట్స్ లాంటివాటిలో కొన్న రేటుకి మించి అమ్మనివ్వరు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పరిమితి లేదు. ద క్యూర్ తన టూర్‌లో టికెట్ ఇంకొకరికి బదిలీ కాకుండా చేసింది, కానీ న్యూయార్క్, ఇలినాయ్, కొలరాడో చట్టాలు దానికి ఒప్పుకోవు కాబట్టి అక్కడ కుదరలేదు. మీ రాష్ట్రం సంగతి చూసుకోండి. ఇండియాలో ప్రతి షోకీ అధికారిక రీసేల్ ఉండదు. కోల్డ్‌ప్లే సమయంలో విదేశీ రీసేల్ సైట్లలో లక్షల రేట్లు కనిపిస్తే, వాటితో తనకి సంబంధం లేదని బుక్‌మైషో ప్రకటించింది.

డబ్బు ఇచ్చేముందు చూడాల్సినవి:

- సెక్షన్, వరుస, సీటు నంబరు మూడూ ఇచ్చారా? ఇవ్వకపోతే వాళ్ల చేతిలో ఇంకా టికెట్టే ఉండకపోవచ్చు.
- స్క్రీన్‌షాట్ పంపుతానంటే వద్దనండి. ఇప్పుడు చాలా టికెట్లలో బార్‌కోడ్ కొన్ని సెకన్లకోసారి మారుతుంది. యాప్ నుంచి యాప్‌కి బదిలీ అయితేనే అది టికెట్.
- తెలియనివాళ్లకి యూపీఐలో ముందుగా పంపకండి. ఫ్రెండ్ ఫ్రెండ్ కూడా తెలియనివాడే.
- లోపలికి వెళ్లేటప్పుడు ఐడీ మీద పేరు చూస్తారా అన్నది షో నిబంధనల్లో చదవండి.

9. కొన్నాక సరిచూసుకోండి

చాలామంది ఇక్కడ స్టేటస్ పెట్టేసి మర్చిపోతారు. ఆర్డర్ నంబరుతో ఈమెయిల్ వచ్చిందా? యాప్‌లో టికెట్ కనిపిస్తోందా? బ్యాంకు నుంచి ఒక్కసారే డబ్బు కట్ అయిందా? మొదటిసారి ఫెయిలైందని రెండోసారి నొక్కితే రెండు జతలు వచ్చినవాళ్లున్నారు. తేదీ, ఊరు చూశారా? ఒకే టూర్‌లో ఒకే ఊరికి రెండు రాత్రులుంటే తప్పు రాత్రి కొనడం మామూలే. సీటు పక్కన "చూపు పరిమితం" అని రాసి ఉందా? పిల్లల్ని తీసుకెళ్తుంటే స్టాండింగ్‌లో వయసు పరిమితి ఉందా?

షో రద్దయితే డబ్బు వచ్చేది కొన్న అకౌంట్‌కే. 2011 అక్టోబరులో మెటాలికా గుర్గావ్ షో ఆఖరి నిమిషంలో ఆగిపోయింది, రెండు రోజుల తర్వాత బెంగళూరు షో మాత్రం జరిగింది. అలాంటప్పుడు బ్లాక్‌లో కొన్నవాళ్ల వెంట ఎవరూ నిలబడరు. వాయిదా వేరు, రద్దు వేరు. వాయిదా పడితే కొత్త తేదీకి అదే టికెట్ చెల్లుతుంది, వెళ్లలేనివాళ్లు డబ్బు అడగడానికి గడువు ఇస్తారు, ఆ ఈమెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది.

షో రోజు పొద్దున టికెట్‌ని ఫోన్ వాలెట్‌లోకి దించుకోండి. యాభై వేలమంది ఒకేచోట చేరితే గేటు దగ్గర సిగ్నల్ ఉండదు. పవర్‌బ్యాంక్ అనుమతిస్తారో లేదో ముందే చూడండి, కొన్నిచోట్ల బయటే పడేయమంటారు.